నవ్వు కాపలా కాసిన నగరం

“నవ్వు నాలుగు విధాల చేటు” అన్న సామెత తెలుగు ఇళ్ళలో పెరిగిన ప్రతివారి చెవినీ ఎప్పుడో ఒకప్పుడు పడే ఉంటుంది. నలుగురిలో నవ్వులపాలు కావడం దండన కంటె పెద్ద దండన అన్న ఎరుక తరతరాలుగా లోకంలో ఉన్నదే. జరిమానా చెల్లించినవాడు సాయంత్రానికి దానిని మరచిపోగలడు. నలుగురి నవ్వు మాత్రం అతని వెంట ఇంటిదాకా నడచి వస్తుంది. లోకమెరిగిన ఈ చిన్న సత్యాన్ని ఒక మహానగర పరిపాలనకు ఉపకరణంగా మలచుకున్నవాడు మాత్రం ఒక గణితశాస్త్ర పండితుడు. ఆయన పేరు అంతానాస్ మోకుస్. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు రాజధాని బొగోటాకు ఆయన 1995లో మేయరు పదవి చేపట్టాడు.

ఆనాటి బొగోటా నవ్వుకు తావున్న నగరం కాదు. మాదకద్రవ్యాల ముఠాలు, గెరిల్లా దళాలు, వాటికి ఎదురు నిలిచిన సాయుధ మూకలు – వీటి నడుమ నలిగిపోతున్న దేశానికి అది ముఖపట్టణం. 1993లో అక్కడ లక్ష జనాభాకు సుమారు 80 హత్యలు జరిగాయి. కత్తినీ తుపాకినీ తప్పించుకున్నవారిని వీధులు కబళించేవి. ఏటా సుమారు 1,300 మంది రోడ్డు ప్రమాదాలలో ప్రాణాలు కోల్పోయేవారు. ఎర్రదీపం వెలిగినా బండి ఆగేది కాదు; ఆగినా, నడిచేవారి కోసం గీసిన తెల్లచారల మీదనే ఆగేది. నడిచేవాడు కూడా తక్కువవాడు కాదు. దీపం వంక చూడకుండా వాహనాల మధ్యకు దూకేవాడు. నిబంధనలు లేక కాదు. అవి పుస్తకాలలో భద్రంగానే ఉన్నాయి. పట్టుబడినప్పుడు చేయి తడిపితే గండం గడుస్తుందన్న ధీమా జనంలో అంతకంటె భద్రంగా ఉన్నది.

మోకుస్ రాజకీయాలలో తలపండినవాడు కాడు. లిథువేనియా నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. తల్లి శిల్పి. ఆయన గణితమూ తత్త్వశాస్త్రమూ చదివి, కొలంబియా జాతీయ విశ్వవిద్యాలయానికి అధిపతి అయ్యాడు. 1993లో ఒక సభలో విద్యార్థులు గోలచేసి ఆయనను మాట్లాడనీయలేదు. ఆయన వారివైపు వీపు త్రిప్పి, లాగు క్రిందికి దించి నిలుచున్నాడు. సభ నిర్ఘాంతపోయింది. ఆ దృశ్యం టెలివిజన్ ద్వారా దేశమంతటికీ చేరింది. ఆయన పదవి పోయింది. ఆ చేష్టను మర్యాద అని ఎవరూ అనలేరు. అయితే రాజకీయ నాయకుల తీయని మాటలతో విసిగిపోయిన నగరవాసులకు, ఏ ముసుగూ లేని మనిషి ఒకడు కనిపించాడు. 1994 ఎన్నికలలో ఏ పెద్ద పార్టీ అండా లేకుండా నిలిచిన ఆయనకు వారు పట్టం కట్టారు. మాట చెల్లని చోట ఊహించని చేష్ట ఒక్కటి వేయి చూపులను ఒక్కచోటికి తేగలదన్న పాఠం, ఆ సభలోనే ఆయనకు దొరికిందనవచ్చు.

మేయరైన తరువాత ఆయన నగర కూడళ్ళకు పంపినది లాఠీలు పట్టిన దళాన్ని కాదు. ఇరవై మంది మూకాభినయ నటులను. ముఖాన రంగు, ఒంటిన వేషం. నోట మాట లేదు, చేత కర్ర లేదు, జేబులో జరిమానా పుస్తకం లేదు. తెల్లచారల మీద కారు ఆగిందా, నటుడు వచ్చి దాని ముక్కుకు భుజమానించి, కొండను కదలించబోయేవాడివలె ఆపసోపాలు పడుతూ వెనక్కు నెట్టే అభినయం మొదలుపెట్టేవాడు. ఎవరైనా దీపం చూడకుండా రోడ్డు దాటబోతే, నటుడు నీడవలె అతని వెనుక చేరి, అతని తొందర నడకను అడుగు తప్పకుండా అనుకరించేవాడు. చుట్టూ ఉన్నవారికి నవ్వాగేది కాదు. ముందు నడుస్తున్నవాడికి ఆ నవ్వు ఎందుకో తెలిసేది కాదు. వెనుదిరిగి చూచేసరికి తనకు తానే ఎదురుపడినట్లు ఉండేది.

మొదట చాలమంది దీనిని పిచ్చిచేష్ట అనుకున్నారు. కానీ ప్రయోగం జనానికి నచ్చింది. మరి 400 మందికి శిక్షణ ఇచ్చి వారిని కూడ కూడళ్ళలో నిలిపారు.

ఈ వింత వెనుక ఒక తాత్త్వికుని ఆలోచన ఉన్నది. మనిషి నడవడిని అదుపు చేసేవి మూడు అంటాడు మోకుస్: చట్టం, మనస్సాక్షి, చుట్టూ ఉన్న సమాజం. చట్టం ముందు మనిషికి శిక్ష అంటే భయం. మనస్సాక్షి ముందు తప్పు చేశానన్న బాధ. సమాజం ముందు సిగ్గు. ఈ మూడూ ఒకే మాట చెప్పినప్పుడు నగరం తనంత తానే నడుస్తుంది. చట్టం కూడదన్న పనిని ఇరుగుపొరుగు “పోనిద్దూ” అని సరిపెట్టుకున్న చోట, ఎన్ని శాసనాలు చేసినా అవి కాగితాలే. తన నగరవాసులు జరిమానా కంటె నవ్వులపాలు కావడానికే ఎక్కువ వెరుస్తారని ఆయన అంచనా. అందుకే పోయిన చోటనే, అంటే నలుగురి చూపులోనే, ఆ నియమాన్ని వెదకబోయాడు. ఈ యావత్తు ప్రయత్నానికి ఆయన పెట్టిన పేరు పౌరసంస్కృతి.

ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. నాటకశాలలో ప్రేక్షకుడు చీకటిలో కూర్చుని చూస్తాడు. తెర పడగానే తన దారిన పోతాడు. కూడలిలో జరిగే ఈ నాటకంలో ప్రేక్షకుడే పాత్రధారి. కారులోని పెద్దమనిషి, అడ్డంగా పరుగెత్తే గుమాస్తా, బస్సు కిటికీలోంచి తొంగిచూచే ప్రయాణికుడు – వీరందరూ కలిస్తే తప్ప అది నాటకమే కాదు. నటుడు చేసేది సూచన మాత్రమే. తీర్పు చెప్పేది జనం. ఆ తీర్పు చెప్పే అలవాటును జనానికి నేర్పడానికి నగరపాలకులు 3,50,000 అట్టముక్కలు పంచిపెట్టారు. కొన్నిటి మీద పైకెత్తిన బొటనవ్రేలు, కొన్నిటి మీద క్రిందికి దించిన బొటనవ్రేలు. దారి ఇచ్చినవాడికి మొదటిది, దారి మూసినవాడికి రెండవది చూపాలి. తిట్టుకోవడానికి, కొట్టుకోవడానికి బదులు, పంతుళ్ళు మార్కులు వేసినట్లు పౌరులు ఒకరికొకరు మార్కులు వేసుకోసాగారు.

ఆటలాగ కనిపించే ఈ పని వెనుక ఉన్నది మృత్యువు. ఆ సంగతి జనం మరచిపోకుండా మోకుస్ మరొక ఏర్పాటు చేశాడు. పాదచారులు వాహనాల క్రింద పడి మరణించిన స్థలాలను గుర్తించి, సరిగా ఆ చోటనే రోడ్డు మీద నక్షత్రాలు గీయించాడు. దాదాపు 1,500 నక్షత్రాలు. శిలాఫలకం లేదు, పేర్లు లేవు, ఉపన్యాసం లేదు. రోజూ నడిచే దారిలో కాలి క్రింద ఒక నక్షత్రం, మలుపు తిరగగానే ఇంకొకటి. ఒక కూడలిలో నటుని చూచి నవ్విన మనిషి మరొక కూడలిలో ఆ గుర్తు మీద అడుగు వేయడానికి వెనుకాడేవాడు. నవ్వు ఒక చేయి, నక్షత్రం ఒక చేయి. రెండూ కలిసి పనిచేశాయి.

నవ్వును ఆయుధంగా పట్టడం మంచిదేనా అన్న శంక కలగడం సహజం. ఎగతాళి పదునెక్కితే అది కూడ హింసే. బడిలో తోటివారి హేళనకు కుమిలిపోయిన పిల్లవాడిని అడిగితే ఆ గాయం ఎంతకాలం ఉంటుందో చెబుతాడు. మూకాభినయ నటులు రెండు విధాల నిరాయుధులని మోకుస్ అంటాడు. వారికి ఆయుధమూ లేదు, మాటా లేదు. మాట లేదు గనుక తిట్టు లేదు. నటుడు అనుకరించినది మనిషి చేసిన తప్పును, మనిషి పుట్టుకనో రూపాన్నో కాదు. కారు రెండడుగులు వెనక్కు జరిగితే నాటకం ముగిసినట్లే. వేసిన శిక్ష ఏదీ మిగిలి ఉండదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, అందరికంటె ముందు నవ్వులపాలైనవాడు మేయరే. పురాణ వీరునివంటి బిగుతు దుస్తులు తొడిగి, తాను మహాపౌరుడినంటూ ఆయన వీధులలో తిరిగాడు. నగరానికి నీటి కొరత వచ్చినప్పుడు టెలివిజన్ ముందు స్నానం చేస్తూ, సబ్బు రాసుకునేటప్పుడు కుళాయి కట్టి చూపాడు. నీటి వాడకం క్రమంగా 40 శాతం దాకా తగ్గింది. 2001లో రెండవసారి మేయరైన తరువాత ప్రాణానికి ముప్పు వచ్చి, తూటాలు దూరని కవచం తొడగవలసి వచ్చింది. ఆయన ఆ కవచానికి గుండె ఉన్న చోట హృదయాకారంలో రంధ్రం కత్తిరించుకున్నాడు. అప్పుడు నవ్వినవారికి గొంతులో ఏదో అడ్డుపడి ఉండాలి. సింహాసనం మీద కూర్చుని ప్రజలను చూచి నవ్వే ప్రభువులు చరిత్రలో అనేకులు. తనను చూచి నవ్వమని ముందుగా తానే వీధిలోకి దిగిన పాలకుడు అరుదు. ఆయన నవ్వుకు ఆ అర్హత అక్కడినుంచి వచ్చింది.

ఫలితాల మాటకు వస్తే, ఏటా 1,300గా ఉన్న రోడ్డు మరణాలు కొన్నేళ్ళలో సుమారు 600కు దిగాయి. దీనికి మూకాభినయమే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. మద్యం అమ్మే వేళలకు హద్దులు పెట్టారు. మధ్యకాలంలో మేయరుగా ఉన్న ఎన్రికే పెన్యాలోసా కాలిబాటలు వేయించి, సైకిళ్ళకు దారులు నిర్మించి, బస్సులకు ప్రత్యేక మార్గం ఏర్పరచాడు. సిమెంటు చేయవలసిన పని చిరునవ్వు చేయలేదు. నేల దున్నకుండా విత్తితే పైరు రానట్లే, మనసు మారకుండా వేసిన కాలిబాట కూడ దుకాణాల పాలు కాక తప్పదు. నటులు దున్నిన నేల అది. 2002లో నగర అవసరాల నిమిత్తం ఇష్టమైనవారు పన్నును పదిశాతం అదనంగా చెల్లించవచ్చునని మోకుస్ కోరితే, 63,000 మంది ముందుకు వచ్చారు. ఎర్రదీపం దగ్గర ఆగడమే పరువు తక్కువగా తలచిన ఊరి విషయంలో ఇది చిన్న మార్పు కాదు.

ఈ విత్తనం సరిహద్దులు దాటింది. బొలీవియా ప్రభుత్వ కేంద్రమైన లాపాజ్ నగరం ఆండీస్ పర్వతాల మీద 3,600 మీటర్ల ఎత్తున ఉన్నది. బొగోటా నటుల కథ విని అక్కడి నగరపాలకులు 2001లో కూడళ్ళలో జీబ్రాలను నిలిపారు. అంటే, జీబ్రా చర్మంవంటి చారల తొడుగు ధరించిన యువతీయువకులను. మొదట ఇరవై నాలుగు జీబ్రాలు. తరువాత వాటి సంఖ్య బాగా పెరిగింది. అవి చిందులు వేస్తాయి, వృద్ధులను చేయిపట్టి దాటిస్తాయి, చారల మీదికి వచ్చిన కారు ముందు సొమ్మసిల్లినట్లు నటిస్తాయి. ఈ తొడుగులు ధరించినవారిలో బ్రతుకు తెరువు దొరక్క దారితప్పే ప్రమాదంలో ఉన్న పిల్లలు చాలమంది. అదే నగరంలో బూట్లు తుడిచే కుర్రవాళ్ళు తమ వృత్తి నలుగురికీ తెలిస్తే చులకన అవుతామని కళ్ళు మాత్రం కనిపించేలా ముఖానికి ముసుగు వేసుకుని పనిచేస్తారు. ఒకే వీధిలో రెండు ముసుగులు: ఒకటి సిగ్గుతో వేసుకున్నది, ఇంకొకటి చూచి పిల్లలు పరుగెత్తుకు వచ్చి కౌగలించుకునేది. ఆట రోడ్డు దాటేవారిని కాపాడడమే కాదు, ఆడేవారిని కూడ కాపాడుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇదంతా ఎక్కడో ఖండాంతరాలలోని ముచ్చట అనుకోనక్కరలేదు. తెలుగు ఊళ్ళలో పగటివేషగాళ్ళు చేసినది ఇటువంటి పనే. వేదిక లేదు, తెర లేదు, టిక్కెట్టు లేదు. పట్టపగలు బజారులోకి నడచి వచ్చి, ఒకనాడు దొరగా, ఒకనాడు సోమయాజులుగా, ఒకనాడు కోమటిగా దుకాణం ముందు నిలిచి, ఎవరి గొప్పలు వారికే అప్పగించేవారు. వెక్కిరింపుకు గురైన ఆసామీయే చివరకు నవ్వుతూ సంభావన ఇచ్చేవాడు. ఉత్తరాదిన బహురూపులు అదే పని చేశారు. వీధిని రంగస్థలంగా, బాటసారిని పాత్రధారిగా చేసే విద్య మన దేశానికి క్రొత్తది కాదు. ఆ విద్య నేర్చినవారికి మాత్రం బజారులో చోటు తగ్గిపోయింది.

వీధులలో పని మాత్రం తగ్గలేదు. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవారు. పాలు తేవడానికో, బడికో, గుడికో బయలుదేరి, వీధికి అవతలి ప్రక్కకు చేరనివారు. వారు పడిన చోట ఒక్కొక్క నక్షత్రం గీస్తే, ఏ నగరంలో ఎవరు ఇల్లు వదలి బయటికి వచ్చినా దాని మీద కాలు పెట్టకుండా ఎంత దూరం నడవగలరు?