గడ్డి తాగే నీళ్ళు

గోల్ఫ్ ఆడేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. ఆడుతున్నది ఎవరి మైదానంలోనైనా, మనసులో మాత్రం సొంత మైదానం ఒకటి తయారవుతూనే ఉంటుంది. నాది పాలమూరు పక్కన, మా అమ్మమ్మగారి ఊళ్ళో, గుట్ట కింద పరుచుకున్న వందెకరాల మీద. సగం చెలక, సగం పరుపుబండలు. ఆ నేల నాది కాదు, కొనే స్తోమతూ లేదు. అయినా ఇళ్ళ ప్లాన్లు గీసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి కొలతలతో సహా గీశాను. ఆ కాగితం మీద చేసిన తప్పు నా వృత్తిలోనూ చేస్తూ వచ్చానని తరవాత తెలిసింది.

పద్దెనిమిది హోల్స్, గుట్ట నెత్తిన క్లబ్‌హౌస్. మనసంతా క్లబ్‌హౌస్ మీదే పెట్టాను. ఐదు వేల చదరపు అడుగుల కప్పు, దాని మీద సోలార్ పలకలు, వాననీళ్ళకు భూమిలో ట్యాంకు, కింద షాబాదు బండలు, ఏసీ అక్కర్లేకుండా చుట్టూ వసారా. పర్యావరణానికి ఇంతకంటే ఏం చేయాలి అనుకున్నాను. మిగిలిన నేలంతా ఆకుపచ్చ పెన్సిల్‌తో నింపేశాను.

మా మామయ్య ఆ ఊళ్ళోనే వ్యవసాయం చేస్తాడు. కాగితం చాలాసేపు చూసి, "అల్లుడూ, గింత పచ్చగ గీసినవ్ గాని, నీళ్ళు యాడికెళ్ళి తెస్తవ్?" అన్నాడు. నేను ట్యాంకు చూపించాను. ఆయన ఇంకేమీ అనలేదు.

ఆ రాత్రి లెక్క వేశాను. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకుంటే, నా కప్పు మీద పడే నీళ్ళు దాదాపు 3.7 లక్షల లీటర్లు. ఎండాకాలంలో గడ్డికి రోజుకు నాలుగు మిల్లీమీటర్లు ఇవ్వాలనుకుంటే ఎకరానికి 16 వేల లీటర్లు, వందెకరాలకు 16 లక్షలు. ఏడాది పొడుగునా కప్పు పట్టిన నీళ్ళన్నీ కలిపినా గడ్డికి ఒక్క పూట దాహం తీరదు. భవనం ఎంత పొదుపుగా కట్టినా, దాని చుట్టూ గీసిన పచ్చదనమే అసలు ఖర్చు; ఇళ్ళ ప్లాన్లు గీసేటప్పుడూ నేను ఈ లెక్క వేయలేదు. చుట్టుపక్కల బోర్లు ఎండిపోయే ఊళ్ళో ఆ నీళ్ళు తోడటమంటే పక్క రైతు నోటి దగ్గరివి లాక్కోవడమే.

ఆ పచ్చదనం నాకు టీవీలోంచి వచ్చింది. ఏటా ఏప్రిల్‌లో అమెరికాలోని అగస్టా క్లబ్బులో జరిగే మాస్టర్స్ గోల్ఫ్ పోటీ చూసి, మైదానమంటే అంచు నుంచి అంచు దాకా అలాగే ఉండాలనుకున్నాను. ఆ క్లబ్బే మే నెలాఖరుకు మూతపడి అక్టోబరుకు గాని తెరుచుకోదు. నేనేమో ఆ ఏప్రిల్‌ని తెచ్చి పాలమూరు మే నెలలో పరచబోయాను. 2014లో యూఎస్ ఓపెన్ ఆడిన పైన్‌హర్స్ట్ నంబర్ 2 మైదానం, అదీ అమెరికాలోనే, దీనికి పూర్తిగా ఎదురు. 2010-11లో గోల్ఫ్ మైదానాలు గీసే బిల్ కూర్, బెన్ క్రెన్‌షా కలిసి అక్కడ 35 ఎకరాల గడ్డి తీసేసి ఇసుక, మొలిచిన మొక్కలూ వదిలేశారు. 1,150 దాకా ఉన్న స్ప్రింక్లర్లు 450కి తగ్గాయి. 2014లో పురుషుల పోటీ, మరుసటి వారం మహిళల పోటీ రెండూ ఆ గోధుమరంగు నేల మీదే జరిగాయి.

తొలకరి తరవాత మామయ్యతో ఒర్రె వెంట నడిచాను. నా ఏడో హోల్ గ్రీన్, అంటే బంతిని గుంటలో వేసే చోటు, సరిగ్గా ఆ ఒర్రె దారిలో పడింది. నీళ్ళు ఎంత ఎత్తున పోతాయో రాళ్ళ మీది మట్టిచార చెబుతోంది. గట్టు మీద ఆయన ఒక గరిక తీగ పీకి చూపించాడు. ప్రతి కణుపు దగ్గరా వేళ్ళు. ఎండలకు మాడి గోధుమరంగుకు తిరిగి, వాన పడగానే మళ్ళీ పచ్చబడుతుంది. ప్రపంచమంతా బెర్ముడా గడ్డి అని మైదానాల్లో పరిచేది ఈ గరికనే.

ఇప్పుడు గీసింది తొమ్మిది హోల్స్. టీలు, ఫెయిర్‌వేలు, గ్రీన్లు కలిపి తడిపేది ఇరవై ఎకరాలే. దానికి రోజుకు కావలసిన మూడు లక్షల పైచిలుకు లీటర్లు, మనిషికి 80 లీటర్ల లెక్కన నాలుగు వేలమంది వాడి వదిలిన నీళ్ళు. శుద్ధి చేస్తే సరిపోతాయి, బోరు అక్కర్లేదు. ఒర్రె జోలికి పోలేదు; ఏడో హోల్‌లో బంతిని దాని మీదుగా దాటించాలి, అంతే. క్లబ్‌హౌస్ గుట్ట దిగి, రోడ్డు పక్క చింతచెట్ల దగ్గరికి వచ్చింది. పైకి దారి కోసం బండలు పేల్చే పని, నీళ్ళు ఎక్కించే పని తప్పాయి. కప్పు సగానికి సగం తగ్గించాను, పడమటి గోడకు కిటికీలు పెట్టలేదు. క్యాడీలకు, మాలీలకు వెనకాల రేకుల షెడ్డు వేసే పద్ధతి నాకు నచ్చదు. వసారా వాళ్ళదీ.

ప్రహరీ కూడా గీయలేదు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆదివారం మామూలుగా ఆట ఉండదు, ఊరివాళ్ళు దాని మీద నడుస్తారు. ఇక్కడా ఆదివారం ఊరిదే. తడపని రఫ్‌లో గొర్రెలు మేస్తే కోత యంత్రం డీజిలూ మిగులుతుంది. గ్రీన్ ఏదో గొర్రెకు తెలవదని మామయ్య అడ్డు చెప్పాడు. స్కాట్లండ్‌లోనే బ్రోరా మైదానంలో గ్రీన్ల చుట్టూ సన్నటి కరెంటు తీగ కట్టి గొర్రెల్ని మేపుతూ వచ్చారు. నేనూ మోకాలెత్తు తీగే గీశాను. ఆరో ఫెయిర్‌వే మీదుగా మంద పోయే బాట మాత్రం అలాగే ఉంచాను. మంద దాటేదాకా ఆడేవాళ్ళు ఆగాలి.