పైలట్లంతా వచ్చారు, ఒక్కటీ ఎగరలేదు

"పైలట్ల మీటింగ్ ఉంది అక్కా, వస్తవా?" అని తమ్ముడు ఫోన్ చేస్తే నేను శంషాబాద్ అనుకున్నా. ఏ హోటల్లోనో, ఏసీ హాల్లోనో అనుకున్నా.

"కాదు, అలియాబాద్ల. ఫంక్షన్ హాల్" అన్నాడు.

తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. ప్రజ్ఞాపూర్ దాటాక మా ఊరు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు కానిస్టేబుల్ పరీక్షల చుట్టూ తిరిగి, చివరికి డ్రోన్ పైలట్ అయ్యాడు. పెళ్లిళ్లలో వీడియో తీసే డ్రోన్ కాదు. పది లీటర్ల ట్యాంకు మోసుకుంటూ పొలం మీద మందు కొట్టేది. డ్రోన్, నాలుగు జతల బ్యాటరీలు, ఛార్జర్లు, జనరేటర్ కలిపి 7 లక్షలయ్యాయి. 4 లక్షలు బ్యాంకు లోను, 3 లక్షలు నేనిచ్చా.

మొదటి ఏడాది 640 ఎకరాలు కొట్టాడు. ఎకరాకు 450. అంటే 2 లక్షల 88 వేలు. నాకు చాలా నచ్చేసింది. రెండో డ్రోన్ కొందాం, ఇంకో 3 లక్షలు నేను పెడతా అన్నా. ఆఫీసులో రోజూ వినే మాట నోట్లోంచి వచ్చేసింది: "స్కేల్ చేద్దాంరా."

వాడు ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. "మీటింగ్‌కి రా. అయినంక మాట్లాడుదం" అన్నాడు. భయస్తుడు, రిస్క్ తీసుకోడు అనుకున్నా. లాప్‌టాప్‌లో ఎక్సెల్ షీట్ రెడీ చేసుకుని మరీ బయల్దేరా.

కొండాపూర్ నుంచి ఔటర్ ఎక్కి శామీర్‌పేట ఎగ్జిట్ దగ్గర దిగితే రాజీవ్ రహదారి. వీకెండ్‌లో అటు వెళ్లినవాళ్లకు తెలిసిన దారే. చెరువు, జింకల పార్కు, నల్సార్ లా యూనివర్సిటీ, ముందుకెళ్తే తుర్కపల్లిలో టీకాలు తయారయ్యే జీనోమ్ వ్యాలీ. వీటి మధ్యలో అలియాబాద్. చాలామంది కారు స్లో కూడా చేయకుండా దాటిపోయే ఊరు. రోడ్డుకు రెండు పక్కలా వెంచర్ బోర్డులు. బోర్డుల సందుల్లోంచి అక్కడక్కడా ఇంకా పొలం కనిపిస్తుంది. ఒకచోట రంగు వేసిన హద్దురాళ్ల మధ్యే నారుమడి పోసుకున్నారు.

ఆషాఢం కాబట్టి పెళ్లిళ్లు లేవు, హాల్ సగం రేటుకు దొరికిందట. ఏటా ఈ మీటింగ్ ఆషాఢంలో పెట్టుకోవడానికి అదొక కారణం. రెండోది, నాట్లు పూర్తయి మందుల సీజన్ మొదలయ్యిందంటే వీళ్లెవరూ దొరకరు. స్టేజీ మీద ఎవరి పెళ్లిదో థర్మోకోల్ అక్షరాల్లో పేర్లు పీకేశారుగానీ మధ్యలో 'వెడ్స్' మాత్రం అలాగే ఉంది. దాని కింద నిలబడి వచ్చినవాళ్లంతా సెల్ఫీలు దిగుతున్నారు. నూటయాభై మంది ఉంటారు. ఎక్కువమంది నాకంటే చిన్నవాళ్లే.

పార్కింగ్‌లో టాటా ఏస్‌లు, వాటి వెనక మడతపెట్టిన డ్రోన్లు. మధ్యాహ్నం వెనక ఖాళీ మడిలో ఎగరేసి చూపిస్తారన్నారు. పదకొండింటికే ముసురు పట్టింది. ముసురు ఆగితే గాలి. ఆషాఢం గాలి సంగతి మీకు తెలుసు కదా, చీరలు తీగ మీద నిలవవు. ఎవరో చిన్న మీటర్ పట్టుకుని బయటికెళ్లి, తల అడ్డంగా ఊపుతూ వచ్చారు. డెమో రద్దు.

నాకు చిరాకేసింది. ఇంతదూరం వచ్చాను, వట్టి నీళ్లేగా కొట్టేది, ఒక్కసారి ఎగరేస్తే ఏమవుతుంది?

"మా దగ్గర ఒకరు గట్లనే అన్నరు" అన్నాడు పక్క కుర్చీలో కూర్చున్న మిర్యాలగూడ అన్న. కాస్త పెద్దాయన, ముప్ఫై ఐదుంటాయి. ఆయన తెలిసినాయన గాలిలో గడ్డి మందు కొట్టాడట. చుక్కలు గట్టు దాటి పక్కాయన కూరగాయల మడిలో పడ్డాయి. వారానికి బెండ మొక్కలు మాడిపోయాయి. పంచాయితీ, నష్టపరిహారం. ఆ సీజన్ సంపాదన అందులోనే పోయింది. "ఎగరేసుడు ఆరు రోజుల్ల నేర్చుకోవచ్చు చెల్లె. ఎప్పుడు ఎగరెయ్యొద్దో నేర్చుకోనీకి రెండు సీజన్లు పడ్తది."

ఆ ఒక్క మాటతో నా చిరాకు పోయిందని చెప్పను. కానీ లాప్‌టాప్ మూసి వినడం మొదలుపెట్టా.

వ్యవసాయ విమానాల కథ నిజానికి నూరేళ్లు దాటింది. 1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జాన్ మెక్రెడీ అనే సైనిక పైలట్ పురుగు పట్టిన చెట్ల తోపు మీద విమానంతో మందు పొడి చల్లాడు. ఇప్పుడు అక్కడ ఇది పెద్ద వృత్తి. అక్కడి వ్యవసాయ పైలట్ల సంఘం ఏటా మహాసభ పెడుతుంది, విమానాలనే తెచ్చి హాల్లో నిలబెడతారు. టెక్సస్‌లో తయారయ్యే ఎయిర్ ట్రాక్టర్ 802 అనే విమానం ఒక్కసారికి దాదాపు 3,000 లీటర్లు మోస్తుంది. మన తమ్ముళ్ల ట్యాంకు పది లీటర్లు. మన దేశంలోనూ 1970లలో బెంగళూరు హెచ్‌ఏఎల్ 'బసంత్' అని మందు కొట్టే విమానం తయారు చేసింది. అది ఎక్కువ కాలం సాగలేదు. ఎకరం, రెండెకరాల మడులు, మధ్యలో కరెంటు తీగలు, గట్టు మీద తాటిచెట్లు ఉన్న చోట విమానం ఏం తిరుగుతుంది?

డ్రోన్‌కు ఆ బాధ లేదు. 2021లో వచ్చిన డ్రోన్ రూల్స్‌తో దారి తెరుచుకుంది. మ్యాప్‌లో గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు విడిగా అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయాలకు దగ్గరయ్యే కొద్దీ పసుపు, ఎరుపు. ఇక్కడికి దగ్గర్లోనే హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది కాబట్టి, ఇటువైపు పని చేసేవాళ్లు ముందు మ్యాప్ తెరవాల్సిందే. పద్దెనిమిదేళ్లు నిండి, పది పాసైతే శిక్షణ తీసుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. పదేళ్లు చెల్లుతుంది. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా ఈ శిక్షణ ఇస్తోంది. 2023 దాకా దీనికి పాస్‌పోర్ట్ అడిగేవాళ్లు. ఊరి పొలాల మీద ఎగరేయడానికి పాస్‌పోర్ట్! ఆ సంగతి స్టేజీ మీద చెప్తే హాలంతా నవ్వింది.

మెదక్ నుంచి వచ్చిన అక్క మాట్లాడినప్పుడు మాత్రం ఎవరూ ఫోన్ చూసుకోలేదు. నమో డ్రోన్ దీదీ పథకం కింద వాళ్ల సంఘానికి డ్రోన్ వచ్చింది. 2023 నవంబరులో కేంద్రం ఓకే చేసిన పథకం అది. దేశంలో 15,000 మహిళా సంఘాలకు, ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సాయం. "పైలట్ నేను. రైతులేమో మా ఆయనకు ఫోన్ చేస్తరు. ఆయనకేమో అది ఆన్ చెయ్యరాదు" అందావిడ. "ఇప్పుడు రూల్ పెట్టిన. నా నంబర్‌కి చేస్తెనే వస్త." ఇంకో రూల్ కూడా పెట్టిందట. ఒకే వైపు పక్కపక్క మడులు కనీసం పదెకరాలు కలిస్తేనే బండి తీస్తుంది. ఒక్క ఎకరం కోసం పన్నెండు కిలోమీటర్లు పోయి రావడం ఆపేసింది. పిలిచే రైతే పక్క రైతుల్ని ఒప్పిస్తున్నాడు. నేను దీన్ని బ్యాచింగ్ అంటా. ఆవిడ "ఉత్తగ తిరుగుడు బంద్" అంది.

బగారన్నం, కోడికూర తింటూ మిర్యాలగూడ అన్నకు నా ఎక్సెల్ షీట్ చూపించా. కొంచెం గొప్పగానే చూపించా. ఆదాయం 2,88,000. బ్యాంకు కిస్తీలు లక్ష. హెల్పర్ కూలి 45 వేలు. డీజిల్, పెట్రోలు 50 వేలు. మిగులు 93 వేలు. మొదటి ఏడాదికి బానే ఉంది కదా?

ఆయన చేయి కడుక్కుని వచ్చి మళ్లీ చూశాడు. "బ్యాటరీలేవి?"

"కొన్నాం కదా. ఆ 7 లక్షల్లోనే ఉన్నాయి."

"కొన్నరు. మరి అరుగుతలేవా?"

అప్పుడు లెక్క చెప్పాడు. జత 45 వేలు. వీళ్ల వాడకంలో మూడొందల సార్లు ఛార్జ్ అయ్యేసరికి ఉబ్బుతాయి, బలం తగ్గుతుంది. ఒక ఛార్జ్‌కు ఒక ఎకరం వేసుకో. అంటే ప్రతి ఎకరానికీ 150 రూపాయల బ్యాటరీ కాలిపోతోంది. చేతికి 450 వస్తుంది, అందులో 150 బ్యాటరీది. 640 ఎకరాలకు 96 వేలు.

93 వేల మిగులులోంచి 96 వేలు తీసేయండి.

ఆఫీసులో నా పని ఏంటో తెలుసా? క్లౌడ్ బిల్లులో ఎవరికీ కనిపించని ఖర్చులు వెతకడం. దాని మీద ప్రజెంటేషన్లు కూడా ఇచ్చా. అలాంటిదాన్ని, మూడు వేలు నష్టంలో ఉన్న పనిని రెండింతలు చేద్దామని వచ్చా. రెండో డ్రోన్ అంటే రెండో పైలట్, రెండో బండి, రెండో హెల్పర్. పని దొరికే రోజులు మాత్రం అవే. సుడిదోమ వచ్చిందంటే మండలమంతా ఒకే వారంలో ఫోన్ చేస్తారు, మిగతా నెలల్లో డ్రోన్ పరదా కింద ఉంటుంది.

బయట తమ్ముడు కనిపించాడు. హాల్ పక్క పొలం పెద్దాయన ఒకాయన గొడుగేసుకుని వచ్చి వాడితో మాట్లాడుతున్నాడు. పది లీటర్ల నీళ్లు ఎకరానికి ఎట్లా సరిపోతాయని ఆయన అనుమానం. వీపున పంపుతో కొడితే నూటయాభై లీటర్లకు పైనే పడుతుంది మరి. తమ్ముడు ఓపిగ్గా చెబుతున్నాడు: చుక్క సన్నగా ఉంటది, రెక్కల గాలి చుక్కను మొక్కలోపలికి తోస్తది, అయినా సుడిదోమ మొదట్ల ఉంటది కాబట్టి పైరు ఒత్తుగ ఉంటే కష్టమే, అప్పుడు నేనే చెప్త వద్దని. నాకు వాడు ఎప్పుడూ ఇంత మాట్లాడినట్టు గుర్తులేదు.

"మంచిగనే ఉంది. వచ్చే ఏడు మా దిక్కు రారాదు" అన్నాడు పెద్దాయన. మళ్లీ తనే, "అప్పటికి పొలం ఉంటె" అని నవ్వి, హద్దురాళ్ల వైపు చూపించి వెళ్లిపోయాడు.

టాటా ఏస్ వెనక కూర్చున్నాక అడిగా. "బ్యాటరీల లెక్క నీకు తెలుసా?"

వాడు పెట్టె తెరిచాడు. ప్రతి బ్యాటరీ మీదా మార్కర్‌తో గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. మా నానమ్మ గోడ మీద పాల లెక్క రాసినట్టే. ఆ గీతలు నేను ఊళ్లో ముందే చూశా, ఏదో గుర్తు పెట్టుకున్నాడులే అనుకున్నా. రెండో జతకు 182 అయ్యాయి. కొంచెం వెనకబడిన నాలుగోదానికి 139. వేడి తగ్గనిదే ఛార్జ్ పెట్టడు, పని లేని రోజుల్లో నిండుగా ఉంచడు. మూడొందలను మూడొందల యాభై చేయాలని ఏడాదిగా వాడి తంటాలు వాడు పడుతున్నాడు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నీ పైసలు గదా అక్కా. ఎట్ల చెప్పాలె?" కాసేపాగి, "బాపు మాత్రం ఈ ఏడు పంపు ఎత్తలే" అన్నాడు.

అది నాకు తెలుసు. రెండేళ్ల కిందట పత్తికి మందు కొట్టి వచ్చిన సాయంత్రం చిన్నాయనకు కళ్లు మసకబారాయి, వాంతులు. రెండు రాత్రులు హాస్పిటల్లో ఉన్నాడు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారని ఆ రాత్రి వరండాలో కూర్చుని ఫోన్లో చదివా. నేను 3 లక్షలు ఇచ్చింది అందుకే. ఎక్సెల్ షీట్‌లో ఆ వరుస లేదు. 640 ఎకరాలు చూడగానే నేనే మర్చిపోయా.

ఇప్పుడు చిన్నాయన గట్టు మీద నిలబడి, "పైసలన్ని గాల్లె తిరుగుతున్నయ్" అని సణుగుతాడట. గాలి ఎటు కొడితే అటు అడ్డం రావద్దని తువ్వాల ఊపి కూలోళ్లను పక్కకు పంపిస్తాడట.

రేటు 500 చేస్తే ఎంతమంది రైతులు పోతారో, మెదక్ అక్క పదెకరాల రూల్ మా ఊళ్లో చెల్లుతుందో లేదో చాలాసేపు మాట్లాడుకున్నాం. పక్క మూడు ఊళ్ల పైలట్లు కూడా ఒకే రేటు చెబితేనే కుదురుతుందన్నాడు. వాళ్లలో ఇద్దరి నంబర్లు లోపలే తీసుకున్నాడట. ఇంతలో ఫోన్ మోగింది. ఊరి నుంచి ఎవరో రైతు, మొక్కజొన్నకు కొట్టాలంటున్నాడు.

"రేపు పొద్దుగాల ఆరింటికి చూద్దం కాకా. గాలుంటే మాత్రం రాను" అన్నాడు వాడు. అటునుంచి గట్టిగా ఏదో అన్నారు. "ఎంతిచ్చినా రాను" అని పెట్టేశాడు.

నేను షీట్ తెరిచి రెండో డ్రోన్ వరుసలు తీసేశా. రెండు జతల బ్యాటరీలకు 90 వేలు ఇప్పుడే పంపనా అని అడిగా.

"ఇప్పుడొద్దు. దసరాకు చూద్దం" అని పెట్టె మూసి, ముసురు పడకుండా దాని మీద పట్టా కప్పాడు.