అండమాన్ నుంచి అన్నకు: చోటు మారిన దీవులు

అన్నా, వదినా,

పోర్ట్ బ్లెయిర్ చేరాను. ఇప్పుడు దీని పేరు శ్రీ విజయపురం. జంగ్లీఘాట్ చేపల రేవులో శ్రీకాకుళం యాస వినబడితే ప్రాణం లేచివచ్చింది. ఆ తీరం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. అయితే నేను రాయాలనుకున్న వింత వాళ్ల కాళ్ల కింది నేల గురించి.

2004 డిసెంబరు 26 పొద్దున సునామీ వచ్చిందని మనమంతా విన్నాం. దాన్ని లేపిన భూకంపం సాగిన కొద్ది నిమిషాల్లోనే ఈ దీవులు ఉన్న చోటు నుంచి జరిగాయని మాత్రం మనకెవరూ చెప్పలేదు. ముందే గుర్తు పెట్టి కొలిచి ఉంచిన చోట్లను ఉప్పల్‌లోని మన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు, వినీత్ గహలౌత్ బృందం, జీపీఎస్‌తో మళ్లీ కొలిచారు. చోటును బట్టి ఒకటిన్నర నుంచి ఆరున్నర మీటర్ల దాకా నేల నైరుతికి జరిగింది, అర మీటరు నుంచి 2.8 మీటర్ల దాకా కుంగింది. సిప్పీఘాట్‌లో వరి పండిన మళ్లలో ఉప్పునీళ్లు నిలిచిపోయాయి. దక్షిణాన ఇందిరా పాయింట్ దీపస్తంభం మొదలు నీటిలోకి దిగింది.

కారణం ఇదీ. మన దేశాన్ని మోస్తున్న భూఫలకం, అంటే భారత ఫలకం, ఈ దీవుల కిందికి దూరుతోంది. రెండూ రాసుకునే చోట పట్టుకుపోతే పైనున్న నేల వందల ఏళ్లు వెదురుబద్దలా వంగుతూ వస్తుంది, పట్టు వదిలిన రోజు ఒక్కసారిగా విదిలించుకుంటుంది. ఆ వంగడాన్ని పట్టుకునేదే జీపీఎస్. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి సమయం చెబుతూ సంకేతాలు పంపుతాయి. మన ఫోను వాటితో కొన్ని మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. గట్టి రాతిలో దించిన స్తంభం మీద యాంటెన్నా బిగించి, రేయింబవళ్లు వింటూ, గాలిలోని తేమ చేసే ఆలస్యాన్ని కూడా లెక్కగట్టి తీసేస్తే మిల్లీమీటర్లు తేలతాయి. భూకంపం ఏ రోజు వస్తుందో ఇది చెప్పదు. ఎక్కడ బిగువు పేరుకుంటోందో, ఎంత వేగంగానో చెబుతుంది. నాకు అదే గొప్పగా తోచింది.

ఇంకో సంగతి వింటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. మన ఊరు శంకరంపేట కూడా నిలకడగా లేదు! భారత ఫలకంతో పాటు ఏటా దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి పోతోంది. యాభై ఏళ్లకు రెండున్నర మీటర్లన్న మాట. ఊరు, చెరువు, మెదక్ చర్చి అన్నీ కలిసే పోతున్నాయి గనుక మనకు తెలియదు.

దక్కను లోపల నేల వంగే వేగం చాలా తక్కువ, ఏళ్ల తరబడి కొలిస్తే గానీ అంతుపట్టదు. అంతమాత్రాన ధీమాగా ఉండలేం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, గణేశ్ నిమజ్జనం ముగిసిన రాత్రి, మనకు పడమట కిల్లారిలో, దాని చుట్టుపక్కల ఊళ్లలో భూకంపానికి దాదాపు 10,000 మంది పోయారు. అక్కడ ఎక్కువ మందిని చంపినవి మట్టితో పేర్చిన రాతిగోడలు, వాటిమీది బరువైన కప్పులు.

అందుకే అడుగుతున్నాను, అన్నా. మన పాత రాతిగోడల మీద స్లాబు వేయాలన్న ఆలోచన ఆపు. మేస్త్రీతో మాట్లాడి పిల్లర్లు లేపించు, గోడల చుట్టూ ఇనుము వేసిన కాంక్రీటు పట్టీ తిప్పించు. ఖర్చులో నా వంతు పంపుతాను.

నీ తమ్ముడు