గాలివాటం చూసుకుని... దీవులకు!

నీలాకాశం, అంతకన్నా నీలంగా సముద్రం, తెల్లటి ఇసుక, చేతిలో చల్లటి కొబ్బరిబొండం. అదే హోటల్, అదే గది, అదే కిటికీ. కానీ జనవరిలో అడిగే అద్దెకీ సెప్టెంబరులో అడిగే అద్దెకీ పొంతనే ఉండదు. చౌకగా వస్తుందంటే ఎవరికి చేదు! కాకపోతే కరీబియన్ దీవుల్లో ఆ చౌకబేరం వెనక ఓ కారణం ఉంది. దాని పేరు హరికేన్.

కోస్తా జిల్లాల వారికి అదేమీ తెలియని ముప్పు కాదు. బంగాళాఖాతంలో పుడితే తుపాను, జపాన్ వైపు పుడితే టైఫూన్, అట్లాంటిక్‌లో పుడితే హరికేన్. 1977 నవంబరులో దివిసీమను ముంచేసిందీ, 2014 అక్టోబరులో హుద్‌హుద్ పేరుతో విశాఖను ఊపేసిందీ ఆ జాతివే. గాలివేగం గంటకు 119 కిలోమీటర్లకు చేరితే హరికేన్ హోదా వస్తుంది. 252కు చేరితే ఐదో కేటగిరీ. ఆపైన ఇక మెట్లు లేవు.

అట్లాంటిక్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా దీని సీజన్. అయితే ఆర్నెల్లూ ఒకేలా ఉండవు. ఎండలకు కాగిన సముద్రం బాగా వేడెక్కేసరికి ఆగస్టు సగం గడుస్తుంది. అప్పట్నుంచి అక్టోబరు సగం వరకూ అసలు ఉద్ధృతి. సెప్టెంబరు 10 ప్రాంతంలో పతాకస్థాయి. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇక్కడే చిక్కు. లేబర్ డే అంటే సెప్టెంబరు తొలి సోమవారం. శని, ఆదివారాలతో కలిపి మూడు రోజులు కలిసొస్తాయి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు తిరుగు ప్రయాణం లోపు ఓ దీవి చూపిద్దామని కాంకూన్‌కో పుంటా కానాకో టికెట్లు తీస్తే, సరిగ్గా తుపాన్ల నడినెత్తికి వెళ్లినట్టే. అదే నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవులైతే సీజన్ తోక. పెద్దవాళ్లు వెంట ఉంటే అదే మేలు.

జాజికాయల దేశం
రోజులు మార్చుకోలేనివారు దీవిని మార్చుకోవచ్చు. పటంలో కిందికి వస్తే, వెనెజువెలా తీరానికి దగ్గర్లో అరూబా, బొనేర్, కురసావ్ కనిపిస్తాయి. హరికేన్లు సాధారణంగా వీటికి ఉత్తరంగా సాగిపోతాయి. వానలూ తక్కువే. పచ్చటి కొండలూ జలపాతాలూ కోరుకునేవారికి మాత్రం నిరాశే... అరూబాలో ఎటు చూసినా నాగజెముళ్లు! అలాగని వీటికీ పూర్తి పూచీ లేదు. 2010లో టోమాస్ తుపాను కురసావ్‌ను వరదల్లో ముంచింది.

పూచీ ఎందుకు లేదో తెలియాలంటే గ్రెనడా కథ వినాలి. జెండా మీద జాజికాయ బొమ్మ పెట్టుకున్న బుల్లి దేశమది. 1955 తర్వాత దాదాపు యాభై ఏళ్లు అక్కడికి పెద్ద హరికేన్ రాలేదు. ఇక్కడిదాకా రాదులే అన్న ధీమాతో ఎక్కడెక్కడి వారో సీజన్‌లో తమ పడవలను తెచ్చి అక్కడ కట్టేసుకునేవారు. 2004 సెప్టెంబరు 7న ఐవాన్ వచ్చింది. పదిళ్లలో దాదాపు తొమ్మిది దెబ్బతిన్నాయి. 39 మంది చనిపోయారు. జాజితోటలు నేలకొరిగాయి. ఇల్లయితే ఏడాదిలో కట్టుకోవచ్చు, జాజిమొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అంతలోనే 2005 జులైలో ఎమిలీ వచ్చిపడింది. 2024 జులై 1న బెరిల్ ఆ దేశానికే చెందిన కారియకూ దీవిని తుడిచిపెట్టేసింది. ఆ మర్నాటికి అది ఐదో కేటగిరీకి చేరింది. సీజన్‌లో అంత తొందరగా ఆ స్థాయికి చేరిన హరికేన్ రికార్డుల్లో మరొకటి లేదు. జులైలో ఫర్వాలేదన్న మాటకూ అప్పటితో కాలం చెల్లింది.

పేరు పెట్టకముందే...
ఇక డబ్బు సంగతి. ప్రయాణ బీమాను టికెట్లతోపాటే తీసుకోవాలి. తుపానుకు పేరు పెట్టేశాక కొంటే అది తెలిసిన ముప్పు కిందికి వస్తుంది, దాని నష్టాన్ని బీమా సంస్థ భరించదు. ఏ కారణంతోనైనా రద్దు చేసుకోవచ్చనే పాలసీలూ ఉన్నాయి. వాటి ప్రీమియం ఎక్కువ, తిరిగొచ్చేది సాధారణంగా సగం నుంచి ముప్పావు వంతే. ఓడ విహారమైతే మరో మెలిక: తుపాను వస్తే ఓడ దారి మార్చుకుంటుంది. చూడాలనుకున్న దీవికి బదులు మరో దీవిలో దించినా అడగడానికి లేదు, ఒప్పందంలోనే ఆ షరతు ఉంటుంది.

మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ ఆరు గంటలకోసారి సమాచారమిస్తుంది. టీవీలో కనిపించే తెల్లటి గరాటు లాంటి బొమ్మ దానిదే. ఆ గరాటు తుపాను పరిమాణం కాదు. దాని కేంద్రం వెళ్లే వీలున్న దారి మాత్రమే. అదీ మూడింట రెండుసార్లే నిజమవుతుంది. మా హోటల్ గరాటుకు అవతల ఉందిలే అని నిద్రపోవడం తెలివైన పని కాదు. బయల్దేరాలనుకుంటే తొలి కబురుకే బయల్దేరాలి, తర్వాత విమానాల్లో సీట్లుండవు. 2005 అక్టోబరులో విల్మా కాంకూన్ ప్రాంతంలో రోజుకు పైగా తిష్ఠ వేసినప్పుడు వేలమంది పర్యటకులు షెల్టర్లలో తలదాచుకున్నారు. కొట్టుకుపోయిన బీచ్‌కు మళ్లీ సముద్రం అడుగు నుంచే ఇసుక తోడి పోయాల్సి వచ్చింది.

ఒక దీవిలో తుపాను వచ్చిందని అన్నిటినీ కొట్టేయడమూ తొందరపాటే. 2017 సెప్టెంబరులో ఇర్మా దెబ్బకు బార్బుడాలో జనాన్నంతా ఖాళీ చేయించారు. పేరు దగ్గరగా ఉన్న బార్బడోస్ అక్కడికి 500 కిలోమీటర్ల పైమాట, దానికి ఆ ముప్పు తగల్లేదు. జమైకా అయితే ఇంకా దూరం. ఆ జమైకానే 2025 అక్టోబరు 28న మెలిస్సా ఐదో కేటగిరీ బలంతో తాకింది. ఇలాంటి చోట్ల హోటల్ వంటవాడి నుంచి టాక్సీ డ్రైవరు దాకా పర్యటకుల రాక మీదే బతుకుతారు. కాబట్టి పేరు విని రద్దు చేసుకునే ముందు హోటల్‌కు ఒక్క ఫోన్ చేయడం మంచిది. జనరేటర్ ఉందా, షెల్టర్ ఎంత దూరం, వెళ్లే రోజు మార్చుకుంటే డబ్బు పోతుందా అనేవి అడగాలి. వాళ్లకు ఈ ప్రశ్నలు అలవాటే. పాస్‌పోర్టులు నీళ్లు చొరని కవర్లో, పెద్దవాళ్ల బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా ఎక్కువగా చేతిసంచిలో ఉంటే చాలు.