ఆ ఊరి పేరు చెప్పి నవ్వించాను

హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్‌లో ఏ సందులోకి తిరిగినా హాస్టల్ బోర్డులే. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా, ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలు ముగ్గురో నలుగురో ఒక గదిలో సర్దుకుని చదువుతుంటారు. అలాంటి పిల్లలకు చరిత్ర పాఠం చెప్పడం నా వృత్తి. మధ్యాహ్నం క్లాసులో బ్యాచ్ నిద్రలోకి జారకుండా చూడాలంటే మధ్యమధ్య నవ్వించాలి. ఆ నవ్వు కోసం నేనొకసారి ఒక ఊరి పరువు తీశాను. నోరు జారిందని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ మాట నా నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే, వందేళ్ళ కిందటి సర్కారు గెజెట్ దగ్గర తేలాను.

ఆ రోజు పాఠం బ్రిటిష్ పాలనలోని చట్టాలు. బోర్డు మీద బిట్లు రాసుకుంటూ పోతున్నాను. నేరస్థ తెగల చట్టం, 1871. మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది 1911 చట్టంతో. ఉదాహరణ, అలాంటి తెగలను నిఘాలో ఉంచడానికి బాపట్ల దగ్గర పెట్టిన స్టువర్టుపురం సెటిల్‌మెంట్. అక్కడ ఆగి, ‘రైల్లో వెళ్తూ ఆ స్టేషన్ వస్తే పర్సులు జాగ్రత్త’ అన్నాను. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలో ఒక కుర్రాడు తల ఎత్తలేదు. చూశాను, పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకు అతను రావడం మానేశాడు. అతని రూమ్మేట్‌ని అడిగితే సంగతి తెలిసింది. హాస్టల్లో ఎవరిదో ఫోను కనిపించలేదు. నా క్లాసులో నవ్వినవాళ్ళకు ఇతని సొంతూరు గుర్తొచ్చింది. అందరికంటే ముందు ఇతని పెట్టె తెరిపించారు. పుస్తకాలు, మడతపెట్టిన చొక్కాలు, ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా, సర్టిఫికెట్ల ఫైలు, అన్నీ మంచం మీద పరిచి వెతికారు. చివరికి ఫోను పోయిందన్నవాడి పరుపు కిందే దొరికింది. ఇతనికి ఒక్కరూ సారీ చెప్పలేదు.

నేను వెళ్ళి కలిశాను. మెట్రో స్టేషన్ పక్కన టీ బండి దగ్గర నిలబడి, ‘తప్పయిపోయింది బాబూ. మీవాళ్ళు ఎప్పుడో మారిపోయారు, పిల్లల్ని చదివించుకుంటున్నారు. నేనలా అనాల్సింది కాదు’ అన్నాను.

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మారడమేంటి సార్? మా తాతల తాతలు ఎడ్ల మీద ఉప్పేసుకుని కొండల అవతలికి తీసుకెళ్ళి అమ్మేవాళ్ళంట. వాళ్ళు దేన్నించి మారాలి సార్?’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. క్షమాపణ చెప్పబోయి అదే నిందను ఇంకోసారి మోపానని గది చేరాక గానీ అర్థం కాలేదు.

ఇన్నేళ్ళుగా బిట్లుగా చెప్పినదాన్ని అప్పుడు కూర్చుని చదివాను. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ అతని తెగ అయిన ఎరుకలవాళ్ళ మీదా, స్టువర్టుపురం మీదా చేసిన పరిశోధన దొరికింది. ఆ కుర్రాడు చెప్పిందంతా అందులో ఉంది. తీరంలో పండిన ఉప్పును ఎడ్ల మీదా గాడిదల మీదా లోపలి ఊళ్ళకు చేర్చి, అక్కడి ధాన్యంతో తిరిగొచ్చే వర్తకులు వాళ్ళు. వాళ్ళలో ఒక శాఖ పేరే ఉప్పు ఎరుకల. బండి దారి లేని ఊళ్ళకు ఉప్పు అందిందంటే వాళ్ళ కాళ్ళ చలవే.

ఆ బతుకుతెరువును ఒక్కో దెబ్బతో తెంపారు. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం వచ్చింది. తర్వాత రైళ్ళు వచ్చి సరుకు రవాణాను లాక్కున్నాయి. 1876-78 నాటి ధాత కరువు కొనేవాళ్ళనూ మోసే పశువులనూ తినేసింది. బుట్టలల్లుకుని బతుకుదామంటే 1882 మద్రాసు అటవీ చట్టం వెదురుకూ మేతకూ అడ్డు నిలిచింది. వర్తకం పోయింది, ఊరూరా తిరగడం మిగిలింది. స్థిరమైన ఇల్లూ, పట్టా భూమీ, కట్టే శిస్తూ ఉన్నవాళ్ళనే నమ్మిన సర్కారుకు ఆ తిరగడమే నేరంలా కనిపించింది.

ఇంగ్లండులోనూ 1869లో అలవాటు నేరస్థుల మీద చట్టం చేశారు. అక్కడ నిఘా పెట్టాలంటే ముందు ఆ మనిషికి శిక్ష పడి ఉండాలి. ఇక్కడి నేరస్థ తెగల చట్టానికి ఫలానా కులంలో పుడితే చాలు. నేతపనీ వడ్రంగమూ తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టే దొంగతనమూ వస్తుందని చట్టం తెచ్చినవాళ్ళ వాదన. ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ కోర్టూ ప్రశ్నించకూడదని చట్టంలోనే రాసుకున్నారు. పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, పక్క ఊరికి పోవాలన్నా పాసు ఉండాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ఇచ్చారు.

మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద వెలిసిన సెటిల్‌మెంట్‌ను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. కావలిలో అలాంటి బాధ్యతే అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ది. నిఘా సర్కారుది, నిర్వహణ మిషన్లది. స్టువర్టుపురం మనుషులు చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. పని నచ్చకపోతే మానేసి వెళ్ళిపోయే హక్కు లేని కూలీ ఏ యజమానికైనా లాభమే. వాళ్ళను బాగుచేస్తున్నామని చెప్పుకున్న మాట వెనక ఈ లెక్క నడిచింది.

నన్ను ఎక్కువగా కలచివేసింది ఇంకొకటి. చీరాల-పేరాల ఉద్యమాన్ని నేను ఎంతో ఉత్సాహంగా చెబుతాను. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరొదిలి, రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఆ పక్కనే, అదే రైలు దారి మీద, అదే కాలంలో, పాసు లేకుండా ఊరు దాటితే జైలుకు పోయే మనుషులున్నారు. మొదటివాళ్ళ త్యాగాన్ని పాఠంగా చెప్పాను. రెండోవాళ్ళ బాధను హాస్యంగా చెప్పాను. రెండూ ఒకే సామ్రాజ్యం చేసిన గాయాలు.

మనుషుల్ని పుట్టుక లెక్కన విడగొట్టి కాగితం మీద పెట్టడం సామ్రాజ్యాలన్నిటికీ అలవాటే. కెన్యాలో 1920 ప్రాంతం నుంచి ఆఫ్రికన్ మగవాళ్ళు వేలిముద్ర ఉన్న కిపాండే పత్రాన్ని వెంట ఉంచుకోవాల్సి వచ్చింది. రువాండాలో 1930లలో బెల్జియం పాలకులు గుర్తింపు కార్డుల మీద హుటు, టుట్సీ, ట్వా అని రాయించారు. 1994 మారణహోమంలో దారులు కాసినవాళ్ళు ఆ జాతి ముద్ర ఉన్న కార్డులడిగి చూసి మరీ చంపారు. రాసినవాళ్ళు వెళ్ళిపోయి మూడు దశాబ్దాలు దాటినా ఆ రాత మనుషుల ప్రాణాలు తీసింది.

మన దగ్గర మద్రాసు రాష్ట్రం నేరస్థ తెగల చట్టాన్ని 1947లోనే రద్దుచేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అయినా అలవాటు నేరస్థుల చట్టాల పేరుతో పోలీసు నిఘా కొనసాగింది. ఊరి మీది ముద్రా పోలేదు. 1991లో వచ్చిన ఒక సినిమా పేరే ‘స్టువర్టుపురం దొంగలు’. ఆ ఊళ్ళో దొంగతనం చేసినవాళ్ళు లేరని నేననను. గుర్రం జాషువా గారి కుమార్తె హేమలత లవణం, ఆమె భర్త లవణం గారు నేరాల బాట పట్టినవాళ్ళ మధ్యకే వెళ్ళి, వాళ్ళను మామూలు జీవితంలోకి తేవడానికి ఏళ్ళ తరబడి పాటుపడ్డారు. దొంగతనం చేసినవాడు దొంగ. ఆ ఊళ్ళో పుట్టినవాడు దొంగ కాడు. ఇంత చిన్న తేడాను ఆ చట్టం చెరిపేసింది, నేనూ చెరిపేశాను.

ఆ కుర్రాడు మళ్ళీ మా క్లాసుకు రాలేదు, విజయవాడ వెళ్ళి చదువుకుంటున్నాడని తెలిసింది. నేను చదివిందంతా అతనికి ఫోన్లో చెప్పాను. ‘క్లాసులో కూడా చెప్పండి సార్’ అన్నాడు.

చెబుతున్నాను. ఇప్పుడు ఏ వలసపాలకుల చట్టం వచ్చినా ఏడాది రాసి ఊరుకోను. దీనివల్ల ఎవరి బతుకుతెరువు పోయింది, ఎవరి జేబు నిండింది, అన్యాయం జరిగినవాడికి కోర్టుకెక్కే దారి ఉందా, ఈ మూడూ పిల్లలతోనే చెప్పిస్తాను. బ్యాచ్‌కి టైము ఎక్కువ పడుతుంది, పట్టనీ. ఈ పిల్లల్లో రేపు ఎస్సైలూ, తహసీల్దార్లూ, టీచర్లూ అయ్యేవాళ్ళుంటారు. ఒక ఊరి పేరో కులం పేరో వినగానే మనిషిని అనుమానించే అలవాటు వాళ్ళ చేతిలో అధికారంగా మారుతుంది. ఆ అలవాటును తెల్లవాళ్ళు మొదలుపెట్టి ఉండవచ్చు. నా బ్యాచ్‌కి దాన్ని అందించింది మాత్రం నేనే. ఇక అందించను.