పాత సాంచాకు పాట ఎవరు పాడతారు?

వేలానికి మన తెలుగులో ‘వేలంపాట’ అని పేరు. ధర పెంచిన మనిషిని ‘పాట పాడాడు’ అంటాం. గెలిచినవాణ్ని ‘పాటదారు’ అంటాం. చెరువులో చేపలకైనా, గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్ముకునే హక్కుకైనా, సంతలో తైబజారు వసూలుకైనా పాటే. మా ఇంట్లో మాత్రం దీనికి మూడు మాటలున్నాయి. బాపుది సిరిసిల్ల దిక్కు, ఆయన ‘హర్రాజు’ అంటడు. అమ్మ సోలాపూర్‌లో పుట్టి మరాఠీ మీడియంలో చదివింది, ఆమెకు అది ‘లిలావ్’. నాకు పుస్తకాల్లో దొరికిన మాట వేలంపాట. మూడింట్లో నాకు ఇదే ఇష్టం. డబ్బు గోలలో పాట అనే మాట ఎట్లా దూరిందో గానీ వినడానికి బాగుంటుంది. పోయినేడు మా సాంచాలు అమ్మినప్పుడు ఆ మాటను మళ్లీ మళ్లీ తలుచుకున్నాను.

సాంచా అంటే పవర్‌లూమ్. పుస్తకం మాటలో మరమగ్గం. మాది భివండి, మహారాష్ట్రలో ఠాణే జిల్లా. మొదటి ఏడు క్లాసులో ఊరి పేరు చెప్పినప్పుడు చాలామంది “అదెక్కడ?” అన్నారు. సిరిసిల్ల, కరీంనగర్ వాళ్లు మాత్రం అడగలేదు. వాళ్ల చుట్టాల్లో ఒక మామో చిన్నాయనో అక్కడ ఉండే ఉంటాడు. పద్మనగర్, కామత్‌ఘర్ గల్లీల్లో తిరిగితే తెలుగు బోర్డులు కనిపిస్తాయి, తెలుగు తిట్లు వినిపిస్తాయి. బతుకమ్మ పండుగకు వరాలదేవి చెరువు దగ్గర మన పాటలే. మిగతా ఏడాదంతా సాంచాల చప్పుడు. హాస్టల్‌కు వచ్చిన కొత్తలో నాకు నిద్ర పట్టలేదు. అందరూ ఇంటి మీద బెంగ అనుకున్నారు. అసలు కారణం నిశ్శబ్దం.

భివండిలో చాలా సాంచాలు పుట్టుకతో భివండివి కావు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ముంబై బట్టల మిల్లు కార్మికులు సమ్మె మొదలుపెట్టారు. దాదాపు రెండున్నర లక్షల మంది అందులో ఉన్నారు. ఆ తర్వాత ఎన్నో మిల్లులు మళ్లీ కోలుకోలేదు. మిల్లుల్లో జరిగే నేత భివండి లాంటి ఊళ్ల రేకుల షెడ్లకు మళ్లింది. మిల్లులు వదిలించుకున్న పాత మగ్గాలు కూడా పనితో పాటే వచ్చాయి. మా ఎనిమిది సాంచాల్లో ఒకదాని ఫ్రేమ్ మీద, ఆకుపచ్చ రంగు పొరల కింద, పోతపోసిన ఇంగ్లిష్ అక్షరాలు ఉండేవి. చిన్నప్పుడు వేలితో తడిమి చదివేదాన్ని. సగం అరిగిపోయినా ‘బ్లాక్‌బర్న్’ అనే మాట తెలిసేది. బ్లాక్‌బర్న్ ఇంగ్లండ్‌లో లాంకషైర్‌లో ఉంది. ఒకప్పుడు మగ్గాలు తయారుచేసి దేశదేశాలకు పంపిన ఊరు. అంటే ఆ ఇనుము ఓడలో వచ్చి, ఏదో మిల్లులో నేసి, అక్కణ్నుంచి మా గల్లీకి చేరిందన్నమాట. మాకంటే ముందు దాన్ని ఎంతమంది నడిపారో ఎవరు చెప్పగలరు?

బాపు పదహారేళ్లప్పుడు భివండికి కూలీగా వచ్చిండు. 2003లో ఒక కార్ఖానా మూతపడుతుంటే ఎనిమిది సాంచాలు కొన్నడు, ఒక్కోటి 11 వేలకు. అప్పటికే అవి పాతవి. 22 ఏళ్లు నడిపిండు. నడిపినంత కాలం నడిచినయి. కానీ మామూలు సాంచా నిమిషానికి నూట ఇరవై, మహా అయితే నూట యాభై సార్లు పేక వేస్తుంది. నాడె లేని కొత్త రేపియర్ మగ్గం అంతకు రెండింతలు, మూడింతలు వేస్తుంది. దాని బట్టలో తప్పులు కూడా తక్కువ. 2016లో నోట్ల రద్దు, 2017లో జీఎస్టీ, 2020లో లాక్‌డౌన్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కూలీలు ఊళ్లకు వెళ్లిపోయారు, కొందరు తిరిగి రాలేదు. నూలు ధర పెరిగినప్పుడు గుడ్డ ధర పెరగలేదు. కరెంటు బిల్లు ఎవరికోసమూ ఆగలేదు. మా పక్క షెడ్లు గోడౌన్లు అయ్యాయి. అన్న ఇప్పుడు అట్లాంటి ఒక గోడౌన్‌లోనే పార్సిళ్లు కడుతున్నాడు.

పాత సాంచా కొనేవాళ్లు ఎట్లా చూస్తారో చెప్తాను, ఇది ఏ పాఠంలోనూ లేదు. కొత్తగా రంగు వేసి ఉంటే ముందు అనుమానిస్తారు. పగిలిన ఫ్రేమ్‌కు వెల్డింగ్ చేసి రంగుతో కప్పేస్తారు కాబట్టి టార్చి వేసి మూలమూలా వెతుకుతారు. క్రాంక్ షాఫ్ట్ పట్టుకుని అటూఇటూ ఊపుతారు, ఆడితే బుష్‌లు అరిగినట్టు. పళ్లచక్రాల పళ్లు గోటితో తడుముతారు. తర్వాత నడిపించమంటారు. నడుస్తుంటే కళ్లు మూసుకుని వింటారు. నాడె పెట్టెలోకి చేరేటప్పుడు చప్పుడు బిగువుగా, ఒకే తీరుగా ఉండాలి. మోటారు ధర వేరే, అందులో రాగి ఉంటుంది. ఫణులు, భీములు, నాడెలు వేరే లెక్క. విప్పే కూలి ఎవరిది, లారీ ఎక్కించే హమాలీ ఎవరిది అన్నదాని మీద సగం పూట గడుస్తుంది. చివరికి బయానా చేతిలో పడితే మాట ఖాయం.

ఇదంతా చూసి అన్న నవ్విండు. “నా గిటార్ కొన్నప్పుడు నేనూ గిట్లనే జేసిన” అన్నడు. అన్న దగ్గర గివ్‌సన్ గిటార్ ఉంది. అది కలకత్తాలో తయారయ్యే రకం, అమెరికా గిబ్సన్ పేరుకు దగ్గరగా వినిపిస్తుంది. కళ్యాణ్‌లో ఒకాయన దగ్గర 2,200కు కొన్నడు. కొనేముందు మెడ వంగిందా అని ఒక కన్ను మూసి చూసిండట. తీగల కింద ఫ్రెట్లు గాడిపడ్డాయా, అడుగున చెక్క పగిలిందా, బ్రిడ్జి పైకి లేచిందా అని చూసి, ఒక్కో తీగా మీటి విన్నడట. బేరం ఒక్కటే తీరు: చెయ్యి, కన్ను, చెవి. అన్న రాత్రిపూట ఫోన్‌లో పాత గిటార్ల వేలాలు చూస్తుంటాడు. కొనడానికి కాదు, ఊరికే. ఆయన ద్వారానే నాకు ఒక నల్ల గిటార్ సంగతి తెలిసింది.

పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ బృందంలో డేవిడ్ గిల్మోర్ వాయించిన గిటార్ అది. ‘బ్లాక్ స్ట్రాట్’ అంటారు. 1970లో న్యూయార్క్‌లో ఒక దుకాణంలో కొన్నాడు. 2019 జూన్ 20న అదే న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ దాన్ని వేలం వేసింది. లక్ష నుంచి లక్షన్నర డాలర్లు వస్తుందని అంచనా కట్టారు. 39 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. అప్పటి లెక్కన దాదాపు 27 కోట్ల రూపాయలు. ఆ వేలంలో వచ్చిన డబ్బును ఆయన పర్యావరణం కోసం పనిచేసే ఒక సంస్థకు ఇచ్చేశాడు.

నాకు ఆశ్చర్యం ధర గురించి కాదు. మామూలుగా పాత గిటార్ల వ్యాపారంలో ఒక నియమం ఉంటుందని అన్న చెప్పిండు. వస్తువు పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి. రంగు మళ్లీ వేస్తే ధర పడిపోతుంది, ఒక మర మార్చినా అడుగుతారు. కానీ ఈ నల్ల గిటార్‌కు గిల్మోర్ మెడ మార్చాడు, ఒకసారి కాదు, చాలాసార్లు. లోపలి పికప్‌లు మార్చాడు. ఇంకా ఏవేవో తగిలించాడు, తీశాడు. అయినా ధర పెరిగింది. మార్చిన చెయ్యి ఎవరిదో లోకానికి తెలుసు కాబట్టి.

మా బాపు కూడా మార్చిండు. 22 ఏళ్లలో క్రాంకులు, గేర్లు, దెబ్బ కొట్టే కర్రలు, పెట్టెలు, తోలుపట్టీలు. ఫ్రేమ్ తప్ప ఏదీ మొదటిది మిగల్లేదు. ఏ తుంటను ఎంత చెక్కితే నాడె సూటిగా పోతుందో ఆయన చేతికి తెలుసు. కొననొచ్చిన ముగ్గురిలో ఒక్కరు కూడా ఇది ఎవరు మార్చారు అని అడగలేదు.

ధర వస్తువులో ఉండదని మనకు తెలియనిది కాదు. బాలాపూర్ లడ్డూ 21 కిలోలు. 1994లో మొదటి పాటలో 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు పోయింది. దాన్ని ఎవరూ కిలో ఎంత అని అడగరు. శెనగపిండి, చక్కెర, నెయ్యి ధర కూడబెట్టి చూడరు. ఆ లడ్డూ చుట్టూ నమ్మకం ఉంది, పేపర్లో పేరు ఉంది, పోయినేడు ఎవరు పాడారన్న కథ ఉంది. గిటార్‌కైనా అంతే. కథ తెలిసిన వస్తువుకు పాట పాడతారు. కథ తెలియని వస్తువును కాంటా మీద పెడతారు.

మా సాంచాలకు ఇద్దరు గట్టి బేరగాళ్లు మిగిలారు. ఒకరు మాలేగావ్ నుంచి వచ్చిన అన్నదమ్ములు. వాళ్లు తీసుకుపోయి నడుపుతామన్నారు, ఒక్కోదానికి 18 వేలు. రెండో ఆయన భంగార్ వ్యాపారి. విరగ్గొట్టి బీడు, ఇనుము, రాగి వేరుచేసి కరిగించడానికి పంపుతాడు. ఆయన కిలోకు చెప్పిన రేటుతో కడితే ఒక్కో సాంచా 23 వేలు దాటింది. అర్థమైందా? నడిచే సాంచా కంటే చచ్చిన సాంచాకు ఎక్కువ ధర.

బాపు నడిపేవాళ్లకే ఇస్తాడని నేను మనసులో అనుకున్నాను. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మ మాత్రం స్పష్టంగా ఉంది. “మనం సాంచాలకు పెండ్లి జేస్తలేం, మంచి ఇల్లు చూసి పంపనీకె. నూలు సేట్ అప్పు తీరాలె, పోరి ఫీజు కట్టాలె” అన్నది. ఎనిమిదింటి మీద తేడా 40 వేలు. మా ఇంట్లో 40 వేలు అంటే మాట కాదు. బాపు చివరికి ఆరు భంగార్‌కు ఇచ్చిండు, రెండు మాలేగావ్‌కు ఇచ్చిండు. ఆ రెండింటిలో ఒకటి బ్లాక్‌బర్న్ అక్షరాలది. ఎందుకని నేను అడిగితే “గది ఇంక పదేండ్లు నడుస్తది, దాన్ని ఇరగ్గొడితె పాపం” అన్నడు. మిగతా ఆరింటి సంగతి నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ రెండింటితో ఇంటికి రావాల్సిన పది వేలు పోయాయి. అమ్మ దాని గురించి ఇంతవరకు ఒక్క మాట అనలేదు, అది కూడా నేను గమనించాను.

లారీలను తూచే చోటును మా దగ్గర ‘ధరమ్ కాంటా’ అంటారు. కాంటా అబద్ధం చెప్పదని ఆ పేరు పెట్టి ఉంటారు. నిజమే, అది ఇనుము ఎంత ఉందో సరిగ్గానే చెప్పింది. బాపు చేసిన రిపేర్లు దాని మీద తూగవు. అమ్మ పని అసలే తూగదు. ఆ 22 ఏళ్లూ ఎనిమిది సాంచాలకు కండెలు చుట్టింది అమ్మ. పొద్దున వంట కాకముందు, రాత్రి మేం పడుకున్నాక. కార్ఖానా కాగితాల్లో ఆమె పేరు ఎక్కడా లేదు. కూలీ లెక్కలో లేదు, ఆసామి లెక్కలో లేదు, అమ్మకంలో అసలే లేదు.

సెలవుల్లో నేను ఒక పని మొదలుపెట్టాను. రెండు వందల పేజీల నోట్‌బుక్ కొని, ఒక్కో సాంచాకు కొన్ని పేజీలు పెట్టి, బాపును అడిగి రాస్తున్నాను. ఎప్పుడు ఏం మార్చారు, ఎవరు నడిపారు, ఏ గుడ్డ నేశారు. బాపుకు మొదట సిగ్గేసింది, తర్వాత ఆయనే గుర్తు చేసుకుని రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తున్నడు. అమ్మ “గిది రాసి ఏం జేస్తవ్ గ?” అంటూనే, కండెలు చుట్టే పద్ధతి నేను తప్పు రాస్తే దిద్దింది. సగం తెలుగులో, సగం మరాఠీలో చెప్పింది. అట్లాగే రాశాను. మూడో నంబరు సాంచా పేజీలో ఇట్లా ఉంది: “2009లో పిల్ల (అంటే నేను) జ్వరంతో ఉంటే దీని పక్కన మూటల మీద పడుకోబెట్టి నడిపినం. ఆ రాత్రి దారం ఒక్కసారి గూడ తెగలే.”

ఇది చదివేవాళ్లలో సిరిసిల్ల వాళ్లుంటే ఒక మాట. మీ ఇంట్లోనో చుట్టాల ఇంట్లోనో సాంచా ఉంటే, ఫ్రేమ్ మీద రంగు కింద అక్షరాలున్నాయేమో తడిమి చూడండి. ఉంటే రాసుకొని రండి. దాన్ని ఎక్కడ కొన్నారు, ఎవరు నడిపారు, కండెలు ఎవరు చుట్టారు అని కూడా అడగండి. నోట్‌బుక్‌లో ఇంకా నూట ముప్పై పేజీలు ఖాళీగా ఉన్నాయి.