మాతృభాష అను గడి

కొంతకాలము క్రిందట ఒక సాయంకాలమున పరిశోధక విద్యార్థిని యొకతె హోసూరులోని మా వీధికి వచ్చెను. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములు ఇంటిలో ఏ భాషయు, బడిలో ఏ భాషయు, అంగడిలో ఏ భాషయు వాడుచున్నవో తెలిసికొనుట ఆమె పని. ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న, "మీ మాతృభాష ఏది?" అనునది. మాకు నవ్వు వచ్చినది. 2001వ సంవత్సరపు జనగణనలో ఆ ప్రశ్ననే ఇంటింటికి తిరిగి అడిగినవారము మేము. అయితే ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు. మా ఒక్క ఇంటిలోనే ఆ ప్రశ్నకు మూడు విధములైన సమాధానములు వచ్చినవి.

మేము తెలుగు అంటిమి. మా కుమారుడు, "తెలుగే. కాని చదవడం రాదు" అనెను. కోడలు కోయంబత్తూరు వైపు తెలుగువారి బిడ్డయే కాని తమిళములో పెరిగినది. ఆమె మా వంక తిరిగి, "మామా, నేను బిడ్డతో తమిళమే మాట్లాడతాను గదా, వానికి ఏమని రాసేది?" అని అడిగెను. మాకు వెంటనే సమాధానము తోచలేదు.

జనగణన నియమము మాకు కంఠస్థము. బాల్యములో తల్లి బిడ్డతో మాటలాడిన భాషయే మాతృభాష. తల్లి శైశవముననే గతించినచో, ఆ ఇంటిలో ముఖ్యముగా వాడబడిన భాషను వ్రాయవలెను. ఈ లెక్కన మా మనుమని మాతృభాష తమిళము. కర్ణాటకములో ప్రాథమిక పాఠశాలల బోధనాభాషను గూర్చిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము 2014వ సంవత్సరము మే 6వ తేదీన వేరొక అర్థము చెప్పినది. బిడ్డకు ఏది మాతృభాషయో నిర్ణయింపవలసినవారు తల్లిదండ్రులో సంరక్షకులో అని దాని తాత్పర్యము. ఈ లెక్కన మా కుమారుడును కోడలును ఏది కోరిన అదియే. రాజ్యాంగపు 350-ఎ అధికరణము భాషాపరమైన అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కలుగవలెనని చెప్పుచున్నది. అక్కడ మాతృభాష యనగా ఆ సముదాయపు భాష. ఈ లెక్కన మా మనుమనిది తెలుగు. మాట యొకటియే. గణకుడు ఒక యర్థమునను, న్యాయమూర్తి మరియొక యర్థమునను, రాజ్యాంగము వేరొక యర్థమునను వాడుచున్నారు.

మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి గుమాస్తాగిరిలో తల నెరసినవారము. పాండిత్యము లేదు గాని, ఉత్తర్వులోని క్రియాపదము ఎంత బరువు మోయగలదో ఎరుగుదుము. 1956లో ఏడవ రాజ్యాంగ సవరణద్వారా చేరిన 350-ఎ అధికరణమును జాగ్రత్తగా చదివిన యెడల, ప్రతి రాష్ట్రమును తగిన సౌకర్యములు కల్పించుటకు ప్రయత్నింపవలెనని యున్నది. "కల్పించి తీరవలెను" అని లేదు. "తగిన" అనగా ఎంత? "ప్రయత్నము" ఎప్పటికి ముగియును? దస్త్రములో ఈ రెండు మాటలున్నచో పని ఎన్నేండ్లయినను సాగదీయవచ్చునని ఏ గుమాస్తానడిగినను చెప్పగలడు. ఆ సవరణతోనే 350-బి అధికరణము క్రింద భాషాపరమైన అల్పసంఖ్యాకులకై ప్రత్యేకాధికారి పదవియు ఏర్పడినది. విచారించి రాష్ట్రపతికి నివేదించుట ఆయన విధి. బడిలో ఉపాధ్యాయుని నియమించు అధికారము ఆయనకు లేదు.

ఈ సంగతి చెప్పగా ఆ విద్యార్థిని ముర్రే ఎడెల్మన్ అను అమెరికా రాజనీతి శాస్త్రజ్ఞుని పేరు చెప్పినది. ఆయన 1977లో రాజకీయ భాషను గూర్చి ప్రకటించిన గ్రంథమునకు, జయించు మాటలు, ఓడిపోవు విధానములు అను అర్థముగల ఉపశీర్షిక ఉన్నదట. ప్రభుత్వపు మాట వినువారి మనస్సును శాంతింపజేసినచో, పని జరుగకున్నను అడుగువారుండరని ఆమె వివరించెను. మేము జీవితమంతయు చూచిన దానికి పుస్తకములో పేరు పెట్టినట్లయినది.

అయినను నేరమంతయు ప్రభుత్వముపై నెట్టుట ధర్మము గాదు. 1949లో రాష్ట్రముల విద్యామంత్రులు సమావేశమై, పాఠశాల మొత్తములో 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని వేరు మాతృభాష గల బిడ్డలున్నచో ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని ఈయవలెనని తీర్మానించిరి. ఇక్కడ "ప్రయత్నము" అను మాట లేదు, లెక్క యున్నది. ఆ లెక్క నిండుటకు దరఖాస్తులో తండ్రి "తెలుగు" అని వ్రాయవలెను.

1992లో మా కుమారుని ఒకటవ తరగతిలో చేర్చునప్పుడు, ఆ బడిలో తెలుగు విభాగము ఇంకను నడుచుచుండెను. మేము ఆ గడిలో "తమిళము" అని వ్రాసితిమి. ఉద్యోగమునకు అక్కరకు వచ్చు భాష అదియే గదా అని మా ఆలోచన. మాతోడి ఉద్యోగులలో మరి కొందరును అట్లే వ్రాసిరి. ఆ యేడు తెలుగు విభాగమున ఆరుగురే చేరిరి. కొన్నాళ్లకు ఆ ఉపాధ్యాయుడు విరమించెను. ఆ స్థానము మరల నిండలేదు. "కోరువారు లేనందున" అని కారణము వ్రాసిరి. ఆ వాక్యములో అబద్ధము లేదు. అట్టి వాక్యములు మేమును మా కార్యాలయమున అనేకము వ్రాసినవారమే. అయితే ఆ "లేనివారి"లో మేమొకరము. నేడు మా కుమారుడు "చదవడం రాదు" అనినప్పుడు మేము తల వంచుకొనుటకు హేతువిదియే.

ఆనాడు మా భయము, రెండు భాషలు ఒక తలలో పట్టవేమోననునది. పరిశోధనలు ఆ భయమును త్రోసివేసినవి. 1962లో మాంట్రియల్ నగరపు పదేండ్ల బిడ్డలను పరీక్షించి, పీల్, లాంబర్టు అనువారు ద్విభాషులైన బిడ్డలు బుద్ధిపరీక్షలలో ఏకభాషులకంటె మిన్నగా నుండిరని ప్రకటించిరి. అంత దూరమేల? ఒడిశాలో అజిత్ మహంతిగారు కంధ జాతి బిడ్డలను పరిశీలించి, కుయి, ఒడియా రెండును వచ్చిన బిడ్డలు ఒడియా మాత్రమే వచ్చినవారికంటె వెనుకబడలేదు సరికదా, మెరుగుగా నుండిరని తేల్చిరి. మరియొక మాటను జిమ్ కమిన్సు అను కెనడా పండితుడు చెప్పెను. క్రొత్త భాషలో బిడ్డ సంభాషించుటకు సుమారు రెండేండ్లు చాలును. పాఠములు పట్టుబడుటకు ఐదు మొదలు ఏడేండ్లు కావలెను. వీధిలో గలగల మాటలాడు బిడ్డను చూచి, భాష వచ్చినదని మనము తొందరపడుచున్నాము.

2006లో తమిళాభ్యసన శాసనము వచ్చినది. తమిళము మొదటి భాగము, ఆంగ్లము రెండవది, ఇతర పాఠ్యాంశములు మూడవది. వేరు మాతృభాష గలవారు దానిని నాలుగవ భాగముగా ఐచ్ఛికముగా చదువుకొనవచ్చును. ఉన్న ఊరి భాష నేర్చుట మనకు అన్నము పెట్టిన నేలకు చెల్లించు ఋణము. అందు మాకు వైమనస్యము లేదు. అయితే ఐచ్ఛికమనగా ఇచ్ఛ యుండవలెను. ఆ ఇచ్ఛ ఇంటిలో పుట్టవలసినదే.

2011 జనగణనలో తమిళనాడున తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు. 2021లో జరుగవలసిన గణన వాయిదా పడి, 2027కు ప్రకటింపబడినది. సంఖ్య తగ్గకుండ అందరును తెలుగు అని వ్రాయింపవలెనని కొందరు మిత్రులు చెప్పుచున్నారు. తల్లి తెలుగు పలికిన ప్రతి ఇంటను నిస్సంకోచముగా అట్లే వ్రాయింపవలసినదే. మా మనుమని విషయములో మాత్రము మేము అబద్ధము వ్రాయింపజాలము. వానితో తల్లి పలుకునది తమిళము. ఆమె ప్రశ్నకు ఆ సాయంకాలమే, "తమిళమనే రాయించమ్మా" అంటిమి.

అయితే గత గణనలలో మాతృభాష గడి ప్రక్కనే, తెలిసిన ఇతర భాషలు రెండింటిని వ్రాయుటకు స్థలముండెను. అది మరల వచ్చినచో అందు "తెలుగు" అని నిజముగా వ్రాయించుటకు వానిని అర్హుని జేయుట మా పని. మా కుమారుని పక్షమున 1992లో చేయని పని అదియే. ప్రతి ఆదివారము ఉదయమున పలక పట్టుకొని కూర్చుండుచున్నాము. మనుమడు గుణింతము దాక వచ్చినాడు. వాని ప్రక్కన వాని తండ్రియు కూర్చుండి, ఎవరును చూడకుండ అవే యక్షరములు దిద్దుచున్నాడు.